పెంకు మందం

సెప్టెంబర్ 19, శుక్రవారం

నిన్నటి పేరెంట్స్ మీటింగు గురించి రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇవాళ ఏ పనీ జరిగేలా లేదు.

వీరభద్రరావు లేచి నిలబడ్డాడు. ఈ సౌదీలో జిజాన్ వైపు వేడినీటి ఊటల దగ్గర బోర్లు దింపి భూమిలో వేడి కొలిచే కంపెనీలో పెద్ద ఇంజినీరు, మా స్కూలు కమిటీలో సభ్యుడు, మా అభా ఊరి తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షుడు, నా ప్లస్ వన్ క్లాసులో శ్రీలేఖకు తండ్రి. ఇన్ని కుర్చీలున్న మనిషి నిలబడ్డాడంటేనే అనుమానించాలి. ఎంత మర్యాదగా మొదలుపెట్టాడో.

"మేడమ్, మా అమ్మాయి నోట్సు చూశానండీ. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే చందమామ లోపల కుతకుతలాడిపోతోందని రాయించారు. బాగుంది. దాని పైపెంకు మాత్రం ముప్పై కిలోమీటర్ల మందమట, చల్లగా ఉంటుందట. కింద పొయ్యి అంత మండుతుంటే పాల మీద మీగడ అంత మందం కడుతుందా అండీ?"

అందరూ నవ్వారు. తల్లులు ఎక్కువ నవ్వారు, పాలగిన్నె వాళ్ళ సబ్జెక్టు కదా. నేను జవాబు మొదలుపెట్టేసరికి ప్రిన్సిపాల్‌కి వాచీ గుర్తొచ్చింది.

ఇవాళ సెలవు రోజయినా పిలిచి చెప్పారు. ప్లస్ టూ ఫిజిక్స్ కొత్తాయనకు. మార్చిలో నా కాంట్రాక్టు పొడిగించరు. కారణం, సబ్జెక్టులో నా పట్టు మీద తల్లిదండ్రులకు నమ్మకం సడలిందట. కాంట్రాక్టు పోతే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది. అది పోతే ఫైనల్ ఎగ్జిట్, దేశం విడిచి పోవడమే. పదహారేళ్ళ ఉద్యోగం ఒక మీగడ జోకుతో ముగిసింది.

అసలు కారణం నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. సంఘం ఉగాది సభలో ఆడవాళ్ళను దీపం వెలిగించడానికీ బొకేలు అందించడానికీ మాత్రమే స్టేజీ ఎక్కిస్తారని, మైకు దగ్గరకొచ్చేసరికి అందరూ మగాళ్ళేనని వ్యాసం రాశాను. వీరభద్రరావు పేరు రాయలేదు. పోలికలు రాశాను.

వీరభద్రరావును వదలను.

సెప్టెంబర్ 20

నన్ను చెప్పనివ్వని మాట ఇక్కడ చెబుతాను. ఇక్కడ వాచీ చూసేవాడు లేడు.

వీరభద్రరావుగారూ, మీ పాలగిన్నె భూమికి పనికొస్తుంది. భూమిలో వేడి రాయిలోంచి రాయిలోకి ఓపిగ్గా పాకుతూ పైకొస్తుంది. అందుకే బోరు దిగేకొద్దీ మీ థర్మామీటరు వరసగా పెరుగుతుంది, మీరు కాగితం మీద ఒక వాలుగీత గీస్తారు. ఇన్నేళ్ళుగా గీసింది ఆ ఒక్క గీతే కనుక లోకమంతా ఆ గీతేననుకున్నారు.

అయో కథ వేరు. దాన్ని ఒక పక్క గురుగ్రహం పట్టుకుని ఉంది. యూరోపా, గానిమీడ్ అనే తోటి చందమామలు వరస తప్పకుండా వచ్చి రెండో పక్క లాగుతుంటాయి. ఆ లాగుడుకు దాని దారి గుండ్రంగా కుదురుకోదు. కాసేపు గురుడికి దగ్గర, కాసేపు దూరం. దగ్గరైనప్పుడు సాగుతుంది, దూరమైనప్పుడు సడలుతుంది. మన దగ్గర సముద్రం పొంగినట్టు అక్కడ గట్టి నేలే వంద మీటర్ల దాకా పొంగి దిగుతుంది. ఇనపతీగను ఒకే చోట అటూ ఇటూ వంచితే చెయ్యి కాలుతుందే, ఆ వేడి అది. గురుడొక్కడే అయితే ఎప్పుడో గుండ్రటి దారిలో పడి చల్లారిపోయేది. పక్కవాళ్ళు చల్లారనివ్వరు.

అంత వేడికి పెంకులోంచి పాకి వచ్చే తీరిక ఉండదు. సన్నటి గొట్టాల్లాంటి దారుల్లో లావాగా ఎగదన్నుకొచ్చి పైన పరుచుకుంటుంది. ఆ చలికి బిగుసుకుంటుంది. దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. పైన పడ్డ ప్రతి పొరా కిందిదాన్ని మరింత కిందకి తొక్కుతుంది. చల్లటి రాయి చల్లగానే దిగుతూ పోయి, చిట్టచివర అడుగుకు చేరాక గానీ కరగదు. అందుకని పెంకు మందం, అందుకని చల్లన. లోపలికి పోయేకొద్దీ చోటు ఇరుకు కనుక రాయి పక్కలనుంచి నొక్కుకుని, పగిలి, పలకలు పలకలుగా పైకి లేస్తుంది. అవి అక్కడి కొండలు. ఎవరెస్టుకు రెట్టింపు ఎత్తున్నది కూడా ఉంది. వాటిలో చాలావరకు అగ్నిపర్వతాలే కావు. తొక్కగా తొక్కగా తిరగబడ్డ రాయి.

అంత కొండ మీ మీగడ మీద నిలబడుతుందా? చెప్పండి.

ఇంతే. చాయ్ చల్లారేలోపు అయ్యే మాట.

అక్టోబర్ 9

కారిడార్లో ఎదురై నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు.

అక్టోబర్ 16

శ్రీలేఖ వచ్చింది. జనవరిలో మా స్కూల్లోనే చుట్టుపక్కల ఇండియన్ స్కూళ్ళ సైన్స్ ఫెయిర్. అయో పెంకు మోడల్ పెడతానంది. ఆ పేరు వినగానే అయ్యో అంటూ నవ్వని మొదటి విద్యార్థి ఈ పిల్ల. మొదటి రోజు అడిగిన ప్రశ్న, "కొండలు పెంకు మీద బరువా, పెంకులో భాగమా?" అని. ఆ ప్రశ్న కోసం టీచరు పదేళ్ళు పాఠం చెప్పొచ్చు.

ఇంట్లో బేరం కుదిరిందట. ఫస్ట్ వస్తే ప్లస్ టూ ఇక్కడే, తర్వాత ఫిజిక్స్. రాకపోతే ఏప్రిల్లో హైదరాబాద్, హాస్టల్, మెడికల్ కోచింగ్. "నాన్న మాటంటే మాటే మేడమ్," అంది.

పిల్ల చదువును పందెంలో పెట్టే తండ్రి. అతను మాత్రం సంఘం మీటింగుల్లో స్త్రీ విద్య మీద మాట్లాడతాడు.

ఫెయిర్ పనుల్లో నన్ను వేలు పెట్టొద్దన్నారు. పెడతాను.

నవంబర్ 14

మోడల్ బాగా వస్తోంది. స్కూలు మెయింటెనెన్సులో వడ్రంగి లింబాద్రి, జగిత్యాల వైపు మనిషి, థర్మోకోల్ గోళాన్ని సగానికి కోసి, మీద ప్లాస్టర్ పొరలు వేసి, నాలుగు వేళ్ళ మందం పెంకు చేశాడు. ఎర్ర వైర్లే లావా గొట్టాలు. శ్రీలేఖ ఒక్కో పొర అంచు మీదా సన్నటి గీత గీసి, అది ఎంత కిందకి దిగిందో రాస్తోంది. పక్కన ఉష్ణోగ్రత గీత. చాలా లోతు వరకు చల్లగా నిట్టనిలువుగా దిగి, అడుగున ఒక్కసారిగా వేడిలోకి తిరిగే గీత. సొంతంగా గీసింది. నేను చెయ్యి పెట్టలేదు.

ఈ అమ్మాయి గెలుస్తుంది. గెలిచి వాళ్ళ నాన్న ముందు నిలబడుతుంది. ఆ రోజు ముందు వరసలో కూర్చుంటాను.

డిసెంబర్ 11

లింబాద్రి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తుంటే నేనే బయటకు వెళ్ళాను.

"మేడమ్, నాలుగు వేళ్ల మందం పెడితిమి గదా. నిన్న పాప నాయిన సారు వచ్చి, గిదేంది గిట్లుంటదా, చెక్కు, కొబ్బరిచిప్పంత చెయ్యి అన్నడు. చెక్కుడు వెట్టిన. మీకు చెప్పాల్నా వద్దా తెల్వకచ్చిన."

పాప ఏమందని అడిగాను.

"ఏమన్లే. నిలవడి చూసింది. సారేమో నువ్వు పో బిడ్డా, గియ్యి మాకు తెలుసు అన్నడు. నన్ను జూసి నవ్విండు గూడ. నాకేం తెలుసు మేడమ్, నేను గోడలకు పెచ్చులు కొట్టినోణ్ణి, సందమామకు కొట్టుడు ఇదే మొదాలు."

చార్టు మీద గీత కూడా చెరిపి తన వాలుగీత గీశాడట. ఎక్కడికెళ్ళినా ఆ గీత.

స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి కూర్చున్నాను. కోపం రాలేదు. ఇంకేదో వచ్చింది, దాదాపు సంతోషం లాంటిది. ఈసారి జడ్జిల్లో యూనివర్సిటీ నుంచి ఒక సౌదీ ప్రొఫెసరమ్మ వస్తోంది, లావా మైదానాల మీద పని చేసిన మనిషి. ఆమె ముందు తన చేత్తో చెక్కించిన పెంకు. నేను వేలు కూడా కదపక్కర్లేదు.

డిసెంబర్ 12

పెంకు పల్చన చేసింది నేను కాదు.

డిసెంబర్ 18

పిల్ల సంగతి ఆలోచించాను. ఆలోచించలేదని రేపు నన్ను నేనే అనుకోకూడదని రాసిపెడుతున్నాను. శ్రీలేఖకు చెబితే ఏమవుతుంది? తండ్రితో పోట్లాడాలి. తండ్రి మళ్ళీ కమిటీకి వెళ్తాడు, టీచరు పిల్లను ఇంటి మీదకు ఎగదోస్తోందంటాడు. ఆ పిల్లకే నష్టం. చెప్పకపోతే? సభలో తండ్రి తప్పు తేలుతుంది. అది ఆమెకూ విముక్తే. తండ్రి తప్పు కళ్ళారా చూడని ఆడపిల్ల జీవితాంతం తండ్రి నీడలోనే ఉంటుంది.

బాగానే ఉంది వాదన. ఎక్కడా బీట లేదు.

నోరు మూసుకుని ఉండడం కూడా ఒక పక్షం తీసుకోవడమేనని నేనే ఒక వ్యాసంలో రాశాను. ఆ సందర్భం వేరు.

జనవరి 13, మంగళవారం

అడిగింది.

లంచ్ బ్రేక్‌లో లాబ్‌కి వచ్చింది. మోడల్ బల్ల మీద ఉంది. కొబ్బరిచిప్పంత పెంకు, దాని మీద ప్లాస్టర్ కొండలు. కొండలు మాత్రం చెక్కలేదు, అవి చూడ్డానికి బాగుంటాయి కదా. నేనే వాటి మీద చెయ్యి వేసి ఎంత బరువున్నాయో చూశాను.

"మేడమ్, నాన్న థిన్‌గా ఉండాలంటున్నారు. మీరు క్లాసులో థిక్ అన్నారు. ఏది పెట్టను?"

సూటి ప్రశ్న. సూటిగా అడగమని నేర్పింది నేనే.

"మీ నాన్నగారు రోజూ భూమిలో వేడి కొలిచే మనిషి. ఆయన చూశాక నేను చెప్పేదేముంది. బాగుంది."

"బాగుందంటే, కరెక్టేనా?"

"బాగుందన్నాను కదా లేఖా."

తలూపింది. థాంక్యూ కూడా చెప్పింది.

అబద్ధం చెప్పలేదు. ఆయన కొలుస్తాడన్నాను, కొలుస్తాడు. చూడ్డానికి బాగుందన్నాను, బాగుంది. తప్పని తెలిసీ ఒప్పని చెబితే అబద్ధం. నేను ఒప్పని అనలేదు.

జనవరి 14

అబద్ధం చెప్పలేదు.

జనవరి 21

వాట్సాప్‌లో ఫోటో పంపింది. మోడల్, చార్టు, పక్కన యూనిఫాంలో తను. "ఫైనల్. ఏమైనా మార్చాలంటే ఇప్పుడే చెప్పండి మేడమ్." బొటనవేలు బొమ్మ పెట్టాను.

బయట పొగమంచు. రోడ్డు మీద కోతులు చెత్తడబ్బా పడదోసి పెరుగు కప్పులు నాకుతున్నాయి. చాలాసేపు చూశాను.

జనవరి 23, శుక్రవారం

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. వ్యాఖ్యానం తర్వాత.

ప్రొఫెసరమ్మ ఒక్కో బల్ల దగ్గరా ఆగి ఓపిగ్గా విన్నది. శ్రీలేఖ వంతు వచ్చేసరికి వీరభద్రరావు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. గురుడి లాగుడు, తోటి చందమామలు, నేల పొంగడం, అన్నీ నేను చెప్పిన దానికంటే బాగా చెప్పింది. పెంకు దగ్గరకొచ్చేసరికి గొంతు కొంచెం తగ్గింది. ప్రొఫెసరమ్మ వంగి కొండల మీద వేలు పెట్టి, ఇంత ఎత్తు కొండలు ఇంత పల్చటి పెంకు మీద ఎలా నిలుస్తున్నాయమ్మా అని అడిగింది. గద్దించలేదు, ఎగతాళి చేయలేదు. కుతూహలంగా అడిగింది.

శ్రీలేఖ పెన్ను తీసింది. చార్టు తిప్పి, వెనక తెల్లవైపు లెక్క వేయడం మొదలుపెట్టింది. అయో నుంచి వచ్చే వేడి ఇంత. అదంతా రాయిలోంచే పాకి రావాలంటే పెంకు ఎంత ఉండాలి? ఒకటిన్నర కిలోమీటరు వచ్చింది. దాని పక్కన కొండ ఎత్తు రాసింది. రెండింటినీ కాసేపు చూసింది. అప్పుడు ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఈ పెంకు తప్పు. మొదట మందంగానే చేయించాను. మా నాన్న పల్చగా చేయించారు. ఏది కరెక్టని మా టీచర్ని అడిగాను. బాగుందన్నారు."

"మరి నువ్వేమనుకున్నావు?" అని ప్రొఫెసరమ్మ.

"మా టీచర్‌కి తెలుసు అనుకున్నాను."

వీరభద్రరావు ఫోన్ దించాడు. ఆ ముఖం కోసం సెప్టెంబర్ నుంచి ఎదురు చూశాను. చూశాను. ఎంత తెల్లబడిందో చూశాను. బాగుంది.

ఫస్ట్ ప్రైజు పక్క ఊరు ఖమీస్ నుంచి వచ్చిన అబ్బాయికి, మూత తనంతట తాను తెరుచుకునే చెత్తబుట్టకు. శ్రీలేఖకు ఏమీ రాలేదు. తప్పని ఒప్పుకున్న మోడల్‌కి నియమాల ప్రకారం మార్కులు ఇవ్వలేమని ప్రొఫెసరమ్మ బాధపడుతూ చెప్పింది. చివర్లో మైకు తీసుకుని, ఆ మొదటి పెంకే నిజమని, ఇంత మంచి పాఠం స్కూల్లో ఎవరో చెప్పారంటే ఆశ్చర్యంగా ఉందని, ఆ టీచరు లేవాలని అన్నది. లేచాను. చప్పట్లు. పక్కవాళ్ళు కొడుతున్నారు కనుక వీరభద్రరావు కూడా కొట్టాడు.

శ్రీలేఖ అటు తిరిగి చార్టు చుడుతోంది.

హాలు బయట ఆపాడు. "మీరు ముందే చెప్పి ఉండొచ్చు కదండీ."

"చెప్పబోయానండీ. సెప్టెంబర్లో, అందరి ముందూ. మీరు నవ్వారు."

నాలుగు నెలలు నాలుక మీద పెట్టుకు తిరిగిన మాట. అచ్చం అనుకున్నట్టే వచ్చింది. కానీ అతను తగ్గిన గొంతుతో, "నన్ను ఏమన్నా అనుండొచ్చు మేడమ్. అది పిల్ల కదండీ," అన్నాడు.

పిల్లను పందెంలో పెట్టింది తమరే కదండీ అని అనాల్సింది. మెట్లు దిగాక తట్టింది.

జనవరి 25

స్కూలు కమిటీ చైర్మన్ స్వయంగా స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. అపార్థం జరిగిందట. కాంట్రాక్టు పొడిగిస్తారట, ప్లస్ టూ ఫిజిక్స్ కూడా నాకేనట. ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. తీసుకున్నాను.

గెలిచాను. ఏ తెలుగు సంఘం అధ్యక్షుడూ ఇక నా ముందు పాలగిన్నె ఎత్తడు.

జనవరి 28

శ్రీలేఖ క్లాసులో చెయ్యి ఎత్తడం లేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, అలసట అయ్యుంటుంది.

ఫిబ్రవరి 5

వీరభద్రరావు వచ్చాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఇల్లంతా మూగబోయిందన్నాడు. బేరం రద్దు చేశాడట, ఫస్ట్ రాకపోయినా ఫర్వాలేదు, ఫిజిక్సే చదువుకో, ఇక్కడే ఉండు అన్నాడట.

"అదే వద్దంటోందండీ. హైదరాబాద్ పోతానంటోంది. నా మాట వినదు. మీరు ఒక్కసారి..."

పూర్తి చేయలేదు. నన్ను వేడుకోవడం అతనికి ఎంత కష్టంగా ఉందో చూస్తూ, ఆ కష్టాన్ని కొంచెం పొడిగించాను. మాట్లాడతానని చివరకు అన్నాను. అంత తేలిగ్గా వదలాలా అని కూడా అనిపించింది. వదలకపోతే ఏం చేయాలో తోచలేదు.

ఫిబ్రవరి 8

లాబ్‌లో మాట్లాడాను. చాలా మాట్లాడాను. నీ మెదడు వృథా చేయకు అన్నాను. ఒక మగాడి అహంకారానికి నీ చదువు బలి కాకూడదన్నాను. ఆ రోజు నేను ఇరుకున పడి ఉన్నానని, ఫెయిర్ జోలికి రావద్దని నన్ను ఆపారని, ఉద్యోగం పోయేలా ఉండిందని, ఈ సౌదీలో ఒంటరి ఆడదాని పరిస్థితి నీకు తెలియదని అన్నాను. అన్నీ నిజాలే. విన్నది. మధ్యలో అడ్డు రాలేదు.

"మీకు ఉద్యోగం పోతుందని ఆరోజు చెప్పుంటే, ఆ మోడల్ నేనే పగలగొట్టేదాన్ని మేడమ్."

బల్ల మీది పుస్తకాలు సర్దాను. నా మీద కోపంతో ఫిజిక్స్ మానేయడం తెలివి తక్కువ అన్నాను.

"కోపం కాదు. ఈ ఏడాదంతా నా లెక్కల కింద మీరు గుడ్ అని రాశారు. ఇప్పుడు అవన్నీ మళ్ళీ చూసుకోవాల్సి వస్తోంది. నాన్న చెప్పినవీ చూసుకోవాలి, మీరు చెప్పినవీ చూసుకోవాలి. అంత ఓపిక నాకు లేదు మేడమ్. అక్కడ ఎవరూ తెలియదు. ఎవర్నీ నమ్మక్కర్లేదు."

గంట కొట్టారు. బ్యాగు సర్దుకుని వెళ్ళింది.

ఇదంతా వీరభద్రరావు వల్ల. ఆ సెప్టెంబర్ మీటింగు లేకపోతే ఇదేదీ లేదు. అతన్ని ఇప్పటికీ క్షమించలేదు, క్షమించను.

ఫిబ్రవరి 9

వీరభద్రరావు వల్లే.

మార్చి 29

సెలవుల తర్వాత స్కూలు తెరిచారు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను.

శ్రీలేఖ టీసీ కోసం వచ్చింది. ప్రాక్టికల్ మార్కుల షీట్ మీద నా సంతకం కావాలి. పెట్టి అందించాను. ఎప్పుడూ చూడకుండా మడిచి ఫైల్లో పెట్టుకునేది. ఇవాళ అక్కడే, నా బల్ల మీదే పరిచి, పెన్ను తీసి, ఒక్కో అంకె మీదా పెన్ను ఆనిస్తూ పైనుంచి కిందకి కూడుకుంది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. పక్క సీటు టీచరు చూస్తోంది.

కూడిక సరిగ్గానే ఉంది. ఉన్నట్టు తలూపి, షీట్ తీసుకుని వెళ్ళిపోయింది.